తీగ బాగానే ఉన్నది, దారి చెప్పేవాడే లేడు



"నెట్ రావడము లేదు" అను మాట నేడు మన పల్లెలలో కూడ "కరెంటు పోయింది" అన్నంత మామూలుగా వినబడుచున్నది. జ్వరము అను ఒక్క మాట వెనుక మలేరియా ఉండవచ్చును, టైఫాయిడ్ ఉండవచ్చును, ఉత్త పడిశము ఉండవచ్చును. అట్లే ఈ ఒక్క మాట వెనుక కూడ నాలుగైదు వేరువేరు కారణములు దాగియుండును. తీగ తెగి ఉండవచ్చును. రౌటరు పెట్టె పాడై ఉండవచ్చును. బిల్లు కట్టనందున కనెక్షన్ ఆపివేసి ఉండవచ్చును. అయితే తీగ బాగుండి, పెట్టె బాగుండి, బిల్లు కట్టియుండి కూడ ఒక్క పేజీ అయినను తెరుచుకొనని సందర్భము ఒకటి ఉన్నది. దానిని గూర్చియే ఈ నెల మేము వ్రాయదలచాము. ఎందుకనగా ఈ తెగులును గుర్తుపట్టనియెడల, బాగున్న కంప్యూటరును ఊరకనే విప్పించుకొని, డబ్బుతోపాటు దానిలో దాచుకొన్న సంగతులను కూడ పోగొట్టుకొను ప్రమాదమున్నది.

అంకెలకు పేర్లు ఎట్లు వచ్చినవి?

మనము బస్సు దిగి క్రొత్త ఊరిలో అడుగు పెట్టినప్పుడు ఏమి చేసెదము? బస్టాండు దగ్గర టీ కొట్టులో, "ఫలానా మాస్టారి ఇల్లు ఎక్కడండీ?" అని అడిగెదము. ఆయన ఇల్లు మనకు పేరును బట్టి తెలుసును గాని దారి తెలియదు. టీ కొట్టువాడు దారి చెప్పును, మనము నడిచి వెళ్లెదము. కంప్యూటరు చేయు పని కూడ ఇదియే. మనము టైపు చేయునది పేరు. అయితే కంప్యూటర్లు ఒకదానినొకటి కలిసికొనునది అంకెలతో. ప్రతి యంత్రమునకు ఐ.పి. చిరునామా అను అంకెల చిరునామా కలదు. పేరు చెప్పగానే దాని అంకె చెప్పు ఏర్పాటును డి.ఎన్.ఎస్. అందురు. అనగా పేర్ల వ్యవస్థ.

ఈ ఏర్పాటు మొదటినుండి ఉన్నది కాదు. ఇంటర్నెట్టుకు ముందు అమెరికాలో అర్పానెట్ అను వలయము ఉండెడిది. దానిలోని కంప్యూటర్ల పేర్లు, అంకెలు అన్నియు ఒకే పట్టికలో వ్రాసి ఉంచెడివారు. ఎలిజబెత్ ఫైన్లర్ అను ఆమె నడిపిన స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని కేంద్రము ఆ పట్టికను చూచుకొనెడిది. క్రొత్త యంత్రము వచ్చినయెడల వారికి తెలియజేయవలెను, వారు పట్టికలో చేర్చవలెను, తక్కినవారందరు ఆ పట్టికను మరల తెచ్చుకొనవలెను. యంత్రములు పెరిగిన కొలది ఈ పని మోయలేని భారమైనది. అప్పుడు, 1983వ సంవత్సరములో, పాల్ మొకపెట్రిస్ అను ఆయన ఆ ఒక్క పట్టికకు బదులు బాధ్యతను అనేకులకు పంచిపెట్టు పద్ధతిని రూపొందించాడు. 1987లో దానిని సవరించి ప్రకటించారు. నేటికిని మనము వాడుచున్నది ఆ పునాదిపై కట్టినదే.

ఈ పద్ధతిలో ఎవరికిని లోకమంతటి పేర్లు తెలియనవసరము లేదు. మన కంప్యూటరు తనకు చెప్పియుంచిన ఒక డి.ఎన్.ఎస్. సర్వరును అడుగును. దానికి తెలియకపోతే అది పోయి మూల సర్వర్లను అడుగును. వీటికి ఇంగ్లీషు ఏ మొదలు ఎం వరకు 13 పేర్లున్నవి. అవి ".ఇన్" సంగతి ఫలానావారికి తెలుసును, ".కామ్" సంగతి ఫలానావారికి తెలుసునని పంపును. వారు ఇంకొకరి దగ్గరకు పంపుదురు. చివరకు ఆ పేరుగలవారి సర్వరే తన అంకెను చెప్పును. ఇదంతయు రెప్పపాటులో జరిగిపోవును. వచ్చిన జవాబును కొంతకాలము జ్ఞాపకముంచుకొందురు గనుక ప్రతిసారి అంత దూరము పోవలసిన పని లేదు.

ఇందులో మన చేతిలోనున్నది ఒక్కటే. అదేమనగా, మన కంప్యూటరు మొట్టమొదట ఎవరిని అడుగవలెను? ఆ అంకె తప్పుగా ఉన్నదా, తక్కినవన్నియు సరిగా ఉన్నను ప్రయోజనము లేదు. టీ కొట్టు ఎత్తివేసిన చోట నిలువబడి దారి అడిగినట్లుండును.

పదకొండుమంది పిల్లలు, ఒకే దినము

ఇది మాకు అనుభవములోనికి వచ్చినది 2022వ సంవత్సరము ఆగస్టు నెలలో. మందిరము ప్రక్కనున్న పాత బడి గదిలో మూడు కంప్యూటర్లున్నవి. పట్టణములో ఉద్యోగములు చేయుచున్న ఊరి పిల్లలు తెచ్చి ఇచ్చిన పాత యంత్రములవి. దరఖాస్తులు నింపుటకును, హాల్‌టికెట్లు తీసుకొనుటకును చుట్టుప్రక్కల నాలుగు పల్లెల పిల్లలు అక్కడికే వచ్చెదరు. వాటిలో ఒకదానిలో మరియొక విలువైనది కూడ ఉన్నది. 1950ల నుండి చేతితో వ్రాసిన వివాహముల, సమాధుల రిజిస్టర్లు చెదలు పట్టిపోవుచుండగా, ఇద్దరు ఆడపిల్లలు రెండు వేసవి సెలవులు కూర్చుండి అక్షరము వెంబడి అక్షరము టైపు చేసి అందులో ఉంచారు. దానికి రెండవ ప్రతి తీయించుటకు పెద్దలు తీర్మానించిన వారములోనే ఈ సంగతి జరిగినది.

ఆ సోమవారము డిగ్రీ ప్రవేశపు దరఖాస్తుకు ఆఖరి దినము. ఉదయము తొమ్మిది గంటలకే పదకొండుమంది పిల్లలు వచ్చి కూర్చున్నారు. వారి సర్టిఫికెట్లు ముందటి వారమే స్కాన్ చేసి కంప్యూటర్లలో ఉంచియున్నారు. అయితే మూడు యంత్రములలోను ఒకే మాట: సర్వరు దొరకలేదు. పట్టణములోనున్న మరమ్మతు మనిషికి ఫోను చేయగా, "విండోస్ పోయిందండీ, ఫార్మాట్ కొట్టాలి. ఒక్కోదానికి ఆరు వందలు. సాయంత్రం వచ్చి పట్టుకుపోతా" అన్నాడు. ఫార్మాట్ అనగా పలక తుడిచినట్లు తుడిచివేయుటయే. పిల్లల సర్టిఫికెట్లతో పాటు, ఆ రిజిస్టర్లు కూడ పోవును.

కూలిపని మానుకొని కూతురితో వచ్చిన ఒక తల్లి గుమ్మములో నిలువబడి, "అయ్యగారూ, ఈ పొద్దు దాటితే పిల్లకి ఏడాది పోద్దా?" అని అడిగింది. ఆ మాటకు ఏమి జవాబు చెప్పగలము? మేము చదివినది వేదాంత డిప్లొమా. కంప్యూటరు శాస్త్రము కాదు. కాబట్టి బెంగుళూరులో ఈ పనియే చేయుచున్న మా మేనల్లునికి ఫోను చేశాము.

"మామయ్యా, ముందు ఎవరినీ ఏమీ ముట్టుకోనివ్వకండి. ఒక నోటుపుస్తకం, పెన్ను తీసుకోండి" అన్నాడు.

"నోటుపుస్తకమెందుకురా?"

"ఏది మార్చినా, మార్చేముందు ఉన్నది రాసుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. లేకపోతే ఏ మందుకి తగ్గిందో తెలియదు. ఇంతకీ ఈ మధ్య అక్కడ ఏం మారింది మామయ్యా?"

శనివారమే పాత కనెక్షన్ తీసివేసి క్రొత్తవారి కనెక్షన్ పెట్టించియున్నామని చెప్పాము. "సరే, అది మనసులో పెట్టుకుందాం. కానీ చూడకుండా తీర్పు చెప్పొద్దు" అన్నాడు. అప్పుడు అతడు చేయించిన పరీక్షలను వరుసగా వ్రాయుచున్నాము. ఇవి విండోస్ కంప్యూటరు ఉన్న ఏ ఇంటిలోనైనను పనికివచ్చును.

ఒక్కొక్క మెట్టు

మొదటిది, రౌటరు దీపములు. అన్నియు పచ్చగానే వెలుగుచున్నవి. ఎర్ర దీపము లేదు. తరువాత ఒక యువకుని ఫోనులో మొబైలు డేటా ఆపించి, అదే రౌటరు వై-ఫైకి కలిపించాడు. పేజీ తెరుచుకొన్నది! అనగా తీగలో జీవమున్నది. ఆ ఫోనులోనే నింపవచ్చును గదా అని ఒకరన్నారు గాని, ఒక్క ఫోనుతో పదకొండుమందికి, అదియు కంప్యూటరులోని సర్టిఫికెట్లన్నియు దానిలోనికి తెచ్చి, సాయంత్రములోగా నింపుట అయ్యే పని కాదు.

రెండవది, కమాండ్ ప్రాంప్ట్ అను నల్లని కిటికీ తెరచి, ఇంగ్లీషు అక్షరములతో "ఐపీకాన్ఫిగ్ /ఆల్" అని కొట్టమన్నాడు. కంప్యూటరు తన వివరములన్నియు చెప్పినది. తన చిరునామా 192.168.1.12, గేటువే అనగా రౌటరు చిరునామా 192.168.1.1. ఈ 192.168తో మొదలగు అంకెలు ఇండ్లలోను, ఆఫీసులలోను లోపల వాడుకొనుటకై కేటాయించినవి. ఇక్కడ 169.254తో మొదలగు అంకె కనబడినయెడల రౌటరు నుండి చిరునామాయే అందలేదని అర్థము. అప్పుడు తీగను, రౌటరును చూచుకొనవలెను. మాకు అట్లు కనబడలేదు.

మూడవది, "పింగ్" అను పలకరింపు. ముందు 192.168.1.1ను పలకరించాము. రౌటరు పలికినది. తరువాత 8.8.8.8ను పలకరించాము. ఇది గూగుల్ సంస్థ 2009లో అందరి కొరకు తెరచిన డి.ఎన్.ఎస్. సర్వరు చిరునామా. అదియు పలికినది. అంత దూరము మాట పోయి తిరిగి వచ్చుచున్నది! ఇక అంకెకు బదులుగా ఒక సైటు పేరును పలకరించాము. "ఆ పేరు దొరకలేదు" అని వచ్చినది.

"దొరికింది మామయ్యా" అన్నాడు మా మేనల్లుడు. "అంకెతో పిలిస్తే పలుకుతోంది, పేరుతో పిలిస్తే పలకడం లేదు. విండోస్‌కి ఏమీ కాలేదు. పేర్లు అడిగే చోటే తప్పుంది."

నాలుగవది, ఆ తప్పును రూఢిపరచుకొనుట. "ఎన్ఎస్‌లుకప్" అను ఆజ్ఞకు సైటు పేరును జతచేసి కొట్టాము. కంప్యూటరు తాను ఎవరిని అడుగుచున్నదో చూపించి, గడువు దాటినను జవాబు రాలేదని చెప్పినది. అదే ఆజ్ఞ చివర 8.8.8.8 చేర్చి, అనగా "ఈసారి వీరిని అడుగుము" అని చెప్పి కొట్టగా, తక్షణమే జవాబు వచ్చినది. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

తప్పు ఎక్కడనున్నదో అప్పుడు బయటపడినది. పాత కనెక్షన్ పెట్టినవారు తమ డి.ఎన్.ఎస్. సర్వర్ల అంకెలు రెండింటిని మూడు కంప్యూటర్లలోను చేతితో వ్రాసిపెట్టియున్నారు. అట్టి సర్వర్లు చాలమట్టుకు తమ ఖాతాదారులకే జవాబు చెప్పును, బయటివారికి చెప్పవు. మన కనెక్షన్ మారినది గాని కంప్యూటర్లు మాత్రము పాత గుమ్మమునే తట్టుచున్నవి. ఫోను అయితే రౌటరు ఇచ్చిన అంకెను దానంతటదే తీసుకొన్నది గనుక దానికి ఇబ్బంది లేకపోయినది.

ఆ రెండు పాత అంకెలను నోటుపుస్తకములో వ్రాసికొన్నాము. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్లు తెరచి, ప్రాపర్టీస్‌లో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 అనుదానిని నొక్కి, డి.ఎన్.ఎస్. చిరునామాను ఆటోమేటిక్‌గా తీసుకొనునట్లు చుక్క మార్చాము. తరువాత పాత జవాబులు జ్ఞాపకములో మిగులకుండునట్లు "ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డిఎన్ఎస్" అని కొట్టాము. పేజీ తెరుచుకొన్నది. ఒకటి బాగుపడిన తరువాతనే రెండవదానిని ముట్టాము. మూడవదానిలో తీగకు ఒకటి, వై-ఫైకి ఒకటి, రెండు అడాప్టర్లున్నవి. ఏది వాడుకలో ఉన్నదో చూచి దానిలోనే మార్చాము. పదిన్నరకు మొదటి దరఖాస్తు నింపుట మొదలైనది. సాయంత్రము నాలుగున్నరకు పదకొండవది కూడ పూర్తయినది. మరమ్మతు మనిషికి రావద్దని చెప్పాము. మరునాడే పెన్‌డ్రైవు కొని ఆ రిజిస్టర్లకు రెండవ ప్రతి తీయించాము.

అడిగేది ఎవరిని అన్నది చిన్న సంగతి కాదు

జవాబు రాకపోవుట ఒక నష్టము. అంతకంటె గొప్ప నష్టము, తప్పు జవాబు వచ్చుట. టీ కొట్టువాడు దొంగలతో కలిసినవాడైతే, మాస్టారి ఇల్లని చెప్పి మనలను దొంగల ఇంటికే పంపును గదా! కంప్యూటర్ల లోకములో ఇది నిజముగా జరిగినది. డి.ఎన్.ఎస్. ఛేంజర్ అను ఒక దుష్ట ప్రోగ్రాము కంప్యూటర్లలో దూరి, ఈ అంకెలను మార్చి, మోసగాండ్ర సర్వర్లనే అడుగునట్లు చేసినది. 100కు పైగా దేశములలో సుమారు 40 లక్షల కంప్యూటర్లు దానికి చిక్కినవి. 2011 నవంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. ఆ కుట్రను బయటపెట్టగా, ఎస్టోనియా దేశములో ఆరుగురు పట్టుబడ్డారు. అయితే ఆ సర్వర్లను వెంటనే ఆపివేసినయెడల లక్షలాది ఇండ్లలో నెట్ ఒక్కసారిగా నిలిచిపోవును. అందుచేత న్యాయస్థానపు అనుమతితో వాటి స్థానమున మంచి సర్వర్లను కొంతకాలము నడిపి, 2012 జూలై 9న ఆపివేశారు. అప్పటికిని తమ అంకెలను సరిచేసికొననివారికి తీగ బాగుండియు పేర్లు దొరకకుండపోయినవి.

ఆ ప్రోగ్రాము, యజమానులు మార్చుకొనని పాస్‌వర్డుల ద్వారా రౌటర్లలోనికి కూడ దూరుటకు ప్రయత్నించెడిది. కాబట్టి రౌటరుతో వచ్చిన పాస్‌వర్డును అట్లే వదిలివేయక, వెంటనే మార్చుకొనండి. మన కంప్యూటరులో తెలియని డి.ఎన్.ఎస్. అంకె కనబడినయెడల, అది ఎవరిదో తెలిసికొనక ఊరకుండవద్దు. బ్యాంకు పేజీ తెరచునప్పుడు భద్రత లేదను హెచ్చరిక వచ్చినయెడల, దానిని దాటి ముందుకు పోవద్దు.

మరికొన్ని జాగ్రత్తలు

డి.ఎన్.ఎస్. అంకెలు పెట్టుటకు రెండు గడులుండును. మొదటివాడు "ఆ పేరు లేదు" అంటే రెండవవానిని అడుగునని కొందరనుకొందురు. అట్లు కాదు. మొదటివాడు జవాబే చెప్పనప్పుడు వాడుకొనుటకు రెండవది. అందుచేత రెండును నమ్మదగినవై ఉండవలెను.

8.8.8.8 గాని, 2018లో వచ్చిన 1.1.1.1 గాని ఇంటిలో వాడుకొనవచ్చును. అయితే పెద్ద పాఠశాలలలోను, ఆసుపత్రులలోను, కార్యాలయములలోను తమ లోపలి యంత్రములకు తామే పేర్లు పెట్టుకొని సొంత సర్వరు నడుపుకొనెదరు. అక్కడ ప్రతి కంప్యూటరులోను బయటి అంకె పెట్టినయెడల బయటి సైట్లు తెరుచుకొనును గాని, లోపలి సర్వరు పేరు, దానిలోని ఫైళ్లు దొరకవు. ఊరి సంగతి పొరుగూరివానిని అడిగినట్లుండును. కాబట్టి అట్టి చోట్ల బాధ్యులను అడుగక ముట్టుకొనవద్దు.

ఒక బ్రౌజరులో తెరుచుకొని మరియొక దానిలో తెరుచుకొననియెడల, ఆ బ్రౌజరులోనే వేరుగా సెక్యూర్ డి.ఎన్.ఎస్. అను అమరిక ఉన్నదేమో చూడండి. ఆండ్రాయిడ్ ఫోనులలో కూడ 2018లో వచ్చిన 9వ వెర్షన్ నుండి ప్రైవేట్ డి.ఎన్.ఎస్. అను అమరిక ఉన్నది. ఎవరో చెప్పిరని పిల్లలు అందులో ఏదో పేరు వ్రాసినచో, ఆ పేరు పనిచేయనప్పుడు వై-ఫైలోను, మొబైలు డేటాలోను రెండింటిలోను ఫోను మూగబోవును. దానిని ఆటోమేటిక్‌కు మార్చిన చాలును.

ప్రియులారా, పెద్ద ఆటంకమంతటికిని కారణము పెద్దదే అయియుండనక్కరలేదు. కనెక్షన్ మార్చుకొను దినమున మీ ఇంటి నోటుపుస్తకములో నాలుగు సంగతులు వ్రాసికొనండి: తేదీ, రౌటరు చిరునామా, డి.ఎన్.ఎస్. అంకెలు, వాటిని పెట్టినవారి పేరు. నెట్ ఆగినప్పుడు ముందు అంకెను పలకరించండి, తరువాత పేరును పలకరించండి. అంకె పలికి పేరు పలుకనియెడల, ఎవరు వచ్చి కంప్యూటరును తుడిచివేయవలెనని చెప్పినను ఒప్పుకొనవద్దు. మీ బిడ్డల సర్టిఫికెట్లు, మీ పెద్దల పేర్లు అందులో ఉన్నవేమో చూచుకొని, రెండవ ప్రతి నేడే తీసిపెట్టుకొనండి.